టికెట్టు లేని కట్టడాలకు దిక్కెవరు? ఢిల్లీలో వారసత్వ నిధుల తీరుతెన్నులు

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన విడుదల చేసింది. దేశంలోని 18 చారిత్రక కట్టడాలను జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాల జాబితా నుంచి తొలగించాలన్నది దాని సారాంశం. అభ్యంతరాలు తెలిపేందుకు రెండు నెలల గడువు ఇచ్చారు. తొలగింపునకు కారణం ఆ కట్టడాలకు ప్రాముఖ్యం తగ్గిపోవడం కాదు. అవి ఎక్కడ ఉన్నాయో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు తెలియకపోవడం. చట్టం రక్షిస్తున్నదని కాగితం మీద ఉన్న కట్టడాలు నేల మీద కనిపించలేదు.

ఆ 18లో రెండు దేశ రాజధాని ప్రాంతానికి చెందినవే. ఒకటి ఢిల్లీలోని బారాఖంబా శ్మశానవాటిక. రెండోది హర్యానాలోని ముజేసర్ గ్రామంలో ఉండవలసిన 13వ నంబరు కోస్ మీనార్. కోస్ మీనార్ అంటే మొగలుల కాలంలో రహదారి పక్కన క్రోసుకు ఒకటి చొప్పున బాటసారులకు గుర్తుగా కట్టిన స్తంభం. ముజేసర్ నేడు ఫరీదాబాద్ పారిశ్రామిక వాడలో కలిసిపోయింది. బారాఖంబా, ముజేసర్ అన్న రెండు పేర్లూ ఇప్పటికీ ఢిల్లీ మెట్రో స్టేషన్లలో వినిపిస్తాయి. ఆ పేర్లతో జాబితాలో చేరిన కట్టడాలు మాత్రం లేవు.

వాటిని పోగొట్టుకోవడానికి కోట్ల రూపాయల కొరత కారణమని చెప్పడం కష్టం. ఒక స్తంభాన్నో, కొన్ని సమాధులనో కనిపెట్టుకొని ఉండటానికి కావలసింది ఒక కాపలాదారు జీతం, ఏడాదికోసారి వెళ్లి చూసి వచ్చే అధికారి, హద్దు రాళ్లు. ఢిల్లీలో వారసత్వ పరిరక్షణకు ప్రజాధనం వెచ్చిస్తున్న తీరును పరిశీలిస్తే, నిధులు చాలకపోవడం ఎంత నిజమో, ఉన్న నిధులు ప్రవహించే దారి సరిగా లేకపోవడమూ అంతే నిజమని తేలుతుంది. డబ్బు పేరున్న కట్టడం వైపు, ప్రారంభోత్సవం జరిగే పని వైపు నడుస్తోంది. పేరులేని కట్టడానికీ, నిత్య నిర్వహణకూ దక్కేది అరకొరే.

లెక్కలు చెబుతున్నదేమిటి?

1861లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ సారథ్యంలో మొదలైన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే ఏఎస్ఐ, నేడు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తోంది. దేశవ్యాప్తంగా దాదాపు 3,700 కట్టడాలు, ప్రదేశాలు దాని సంరక్షణలో ఉన్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో సాంస్కృతిక శాఖకు రూ.3,360.96 కోట్లు కేటాయించగా, అందులో ఏఎస్ఐ వాటా రూ.1,278.49 కోట్లు. అంటే ఆ శాఖ నిధుల్లో 38 శాతం. వినడానికి పెద్ద మొత్తంగానే తోస్తుంది. అయితే ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వ మొత్తం వ్యయ అంచనా రూ.50.65 లక్షల కోట్లు. కేంద్రం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో ఏఎస్ఐకి చేరేది రెండున్నర పైసలు.

ఈ కేటాయింపును కట్టడాల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కట్టడానికి ఏడాదికి సుమారు రూ.35 లక్షలు వస్తుంది. ఇది సగటు మాత్రమే. సిబ్బంది జీతభత్యాలు, తవ్వకాలు, ప్రదర్శనశాలలు, శాసనాల అధ్యయనం, ఉద్యానవనాలు అన్నీ ఆ మొత్తంలోంచే జరగాలి. వేలాది సందర్శకులు వచ్చే తాజ్ మహల్, ఎర్రకోట వంటి కట్టడాల అవసరాలు తీరాక, ఊరి చివర నిలిచిన ఒక గుమ్మటానికి మిగిలేదెంతో ఊహించవచ్చు.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్, 2013లో ఇచ్చిన నివేదిక ఈ పరిస్థితిని తొలిసారి స్పష్టంగా బయటపెట్టింది. కాగ్ బృందాలు ఏఎస్ఐతో కలిసి 1,655 కట్టడాలను స్వయంగా తనిఖీ చేయగా 92 కట్టడాల జాడ తెలియలేదు. ఆ తరువాత ఏఎస్ఐ గాలించి 42 కట్టడాలను గుర్తించింది. మిగిలిన 50లో 14 పట్టణాల విస్తరణకు బలి కాగా, 12 జలాశయాల్లో మునిగిపోయాయి, 24 కట్టడాల ఆచూకీ లేదు. తొలగింపునకు ప్రతిపాదించిన 18 ఈ 24లోనివే.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రాజ్యసభ సభ్యుడు వి. విజయసాయిరెడ్డి అధ్యక్షతన రవాణా, పర్యాటక, సాంస్కృతిక శాఖల పార్లమెంటరీ స్థాయీ సంఘం 2022 డిసెంబరులో ఇదే అంశంపై నివేదిక సమర్పించింది. కట్టడాల రక్షణకు 7,000 మంది భద్రతా సిబ్బంది అవసరం కాగా, నిధుల పరిమితి కారణంగా 248 చోట్ల 2,578 మందిని మాత్రమే నియమించగలిగినట్లు అందులో నమోదైంది. అప్పటి లెక్క ప్రకారం రక్షిత కట్టడాలు 3,693. అంటే ప్రతి పదిహేను కట్టడాల్లో పద్నాలుగింటికి కాపలా లేదు. రాజధాని నగరంలోని కట్టడాన్నే కాపాడుకోలేకపోతే మారుమూల ప్రాంతాల్లోని వాటి పరిస్థితి ఏమిటని సంఘం ఆవేదన వ్యక్తం చేసింది.

కట్టడాలు సంపాదించి పెట్టే సొమ్ము సంగతి కూడా ఇక్కడ ప్రస్తావించాలి. 2023-24లో ప్రవేశ రుసుము రూపంలో కుతుబ్ మీనార్ రూ.23.80 కోట్లు, ఎర్రకోట రూ.18.08 కోట్లు ఆర్జించాయి. ఈ సొమ్ము నేరుగా కట్టడాల మరమ్మతుకు వెళ్లదు. భారత సంఘటిత నిధిలో జమ అవుతుంది. ఆదాయం ఒక చోట, కేటాయింపు మరో చోట. సందర్శకుడు కుతుబ్ వద్ద కొన్న టికెట్టుకూ, కూతవేటు దూరంలో పెచ్చులూడుతున్న సమాధికీ మధ్య ఏ లంకె లేదు.

వెలుగు పడిన చోటికే విరాళాలు

ప్రభుత్వ నిధుల కొరతను పూడ్చేందుకు 1996లో జాతీయ సాంస్కృతిక నిధి ఏర్పాటైంది. 1890 నాటి ధర్మాదాయ నిధుల చట్టం కింద ట్రస్టుగా మొదలైన ఈ నిధికి కేంద్రం రూ.19.5 కోట్ల మూలధనం సమకూర్చింది. దీనికి ఇచ్చే విరాళాలకు ఆదాయపు పన్నులో నూరు శాతం మినహాయింపు ఉంది. దాత తాను కోరుకున్న కట్టడానికే విరాళం కేటాయించవచ్చు. 2013 కంపెనీల చట్టం సంస్థల సామాజిక బాధ్యత వ్యయంలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణను చేర్చడంతో ఈ మార్గం మరింత విస్తరించింది.

ఈ విధానం సాధించిన ఉత్తమ ఫలితాలు నిజాముద్దీన్ ప్రాంతంలో కళ్లకు కడతాయి. భారత స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా ఆగాఖాన్ ప్రకటించిన కానుకతో హుమాయూన్ సమాధి ఉద్యానవనం పునరుద్ధరణ చేపట్టి, 2003లో పూర్తి చేశారు. 2007లో ఏఎస్ఐ, కేంద్ర ప్రజా పనుల విభాగం, ఢిల్లీ నగరపాలక సంస్థ, ఆగాఖాన్ సంస్థల మధ్య కుదిరిన ఒప్పందంతో ఆ కృషి చుట్టుపక్కల బస్తీకి, సుందర్ నర్సరీకి విస్తరించింది. టాటా ట్రస్టుల ఆర్థిక సాయంతో సాగిన ప్రధాన సమాధి పునరుద్ధరణ 2013 సెప్టెంబరులో ముగిసింది. గత శతాబ్దంలో పైకప్పు మీద పొరలు పొరలుగా పోసిన సిమెంటు కాంక్రీటునే 10 లక్షల కిలోలకు పైగా తొలగించారు. దాని స్థానంలో సంప్రదాయ సున్నపు గచ్చు వేశారు. సమీపంలోని అబ్దుర్ రహీమ్ ఖాన్-ఎ-ఖానా సమాధిని ఇంటర్‌గ్లోబ్ ఫౌండేషన్ సాయంతో ఆరేళ్లు శ్రమించి, 1,75,000 పనిదినాలు వెచ్చించి 2020 నాటికి పునరుద్ధరించారు. సుందర్ నర్సరీ 2018లో, హుమాయూన్ సమాధి వద్ద కొత్త ప్రదర్శనశాల 2024 జులైలో ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి.

ఈ అనుభవం నేర్పే పాఠాలు రెండు. మొదటిది, పరిరక్షణ ఖర్చులో సింహభాగం చేతి పనివారి శ్రమది. శిల్పులు, తాపీ మేస్త్రీలు, సున్నం నూరేవారు, పలకల పనివారు ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేస్తేనే నాణ్యత నిలుస్తుంది. ఏటా మార్చి 31లోగా ఖర్చు పెట్టి తీరవలసిన నిధులతో, అతి తక్కువ ధర కోట్ చేసిన గుత్తేదారుతో ఆ పని సాధ్యం కాదు. రెండోది, దాత ఎప్పుడూ పేరున్న చోటినే ఎంచుకుంటాడు. ప్రపంచ వారసత్వ ప్రదేశం పక్కన తన పేరు కనిపించాలని కోరుకోవడంలో తప్పు లేదు. కానీ ముజేసర్‌లోని స్తంభానికి విరాళం ఇవ్వమని అడిగేదెవరు, ఇచ్చేదెవరు?

2017 సెప్టెంబరులో మొదలైన ‘వారసత్వ దత్తత’ పథకానికీ ఈ పరిమితి వర్తిస్తుంది. 2018 ఏప్రిల్‌లో దాల్మియా భారత్ సంస్థ ఐదేళ్లకు రూ.25 కోట్ల వ్యయంతో ఎర్రకోట వద్ద సదుపాయాల బాధ్యత స్వీకరించినప్పుడు పెద్ద వివాదమే రేగింది. కోటను ప్రైవేటు సంస్థకు అప్పగించారన్న విమర్శ నాడు వినిపించింది. అసలు విషయం వేరు. మరుగుదొడ్లు, తాగునీరు, వెలుతురు, సూచిక పలకలు, వృద్ధులకు, దివ్యాంగులకు దారి వంటి సందర్శకుల సదుపాయాలే ఈ పథకం పరిధిలోకి వస్తాయి. కట్టడం మూల నిర్మాణ పరిరక్షణ ఏఎస్ఐ చేతిలోనే ఉంటుంది. 2023 సెప్టెంబరులో సవరించిన రెండో విడతలోనూ పరిశుభ్రత, సౌలభ్యం, భద్రత, విజ్ఞానం అన్న నాలుగు విభాగాలకే దత్తత పరిమితమైంది. అదే సంస్థకు చెందిన సభ్యతా ఫౌండేషన్ హుమాయూన్ సమాధి, సఫ్దర్‌జంగ్ సమాధి, పురానా ఖిలా, మెహ్రౌలీ పురావస్తు ఉద్యానవనాల వద్ద ఇటువంటి బాధ్యతలు చేపట్టింది. ఈ సదుపాయాలు సందర్శకులకు అవసరమే. అయితే మరుగుదొడ్డి కట్టడానికి ముందుకు వచ్చిన సొమ్మును కట్టడం గోడకు వచ్చిన సొమ్ముగా లెక్కించడం ఆత్మవంచన అవుతుంది.

జాబితాకు వెలుపల ఉన్న ఢిల్లీ

ఇంతవరకు చెప్పుకున్నదంతా జాబితాలో ఉన్న కట్టడాల సంగతి. ఢిల్లీలో ఏఎస్ఐ రక్షణలో ఉన్నవి 170కి పైగా మాత్రమే. ఇన్‌టాక్ సంస్థ 1999లో ప్రచురించిన సర్వేలో నమోదైన వారసత్వ నిర్మాణాలు 1,208. ఢిల్లీ ప్రభుత్వం 2004లో సొంత పురావస్తు చట్టం చేసుకుని, 2008లో ఇన్‌టాక్‌తో ఒప్పందం కుదుర్చుకుని కొన్నింటిని రక్షణలోకి తెచ్చింది. 2010లో నగరపాలక సంస్థ పరిధిలోని 767 నిర్మాణాలను వారసత్వ జాబితాగా నోటిఫై చేశారు. వాటిలో పాత ఢిల్లీ హవేలీలు, మసీదులు, మందిరాలు, దర్వాజాలు ఎన్నో ఉన్నాయి. చాలా వాటిలో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, దుకాణాలు నడుస్తున్నాయి.

జాబితాలో చేరడం వల్ల యజమానికి కలిగే ఫలితం ఏమిటి? కూల్చడానికి వీల్లేదు. మార్పులు చేయాలంటే వారసత్వ పరిరక్షణ సంఘం అనుమతి పొందాలి. ఇవి సమంజసమైన నిబంధనలే. కానీ వాన నీరు కారుతున్న మిద్దెను సున్నంతో బాగుచేయించుకోవడానికి అతడు దరఖాస్తు పెట్టుకోదగిన ఒక స్థిరమైన గ్రాంటు పథకం లేదు. సిమెంటుతో చేస్తే చౌక, సున్నంతో చేస్తే ఖరీదు. నిబంధన ఖరీదైన దారిలో నడవమంటుంది, ఖర్చు మాత్రం పంచుకోదు. అందుకే వారసత్వ గుర్తింపు చాలామందికి గౌరవంగా కాక గుదిబండగా కనిపిస్తోంది. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. దీంతో కట్టడాన్ని రక్షించాలన్న ప్రతిపాదనకు ఇరుగుపొరుగువారే అడ్డుపడే పరిస్థితి ఏర్పడింది.

డిఫెన్స్ కాలనీలోని షేక్ అలీ గుమ్టీ ఉదంతం ఇందుకు తాజా నిదర్శనం. లోడీల కాలం నాటి ఈ అష్టకోణ సమాధిని 1960ల నుంచి స్థానిక నివాసుల సంక్షేమ సంఘం తన కార్యాలయంగా వాడుకుంది. దీనిని రక్షిత కట్టడంగా ప్రకటించేందుకు ఏఎస్ఐ 2004లో ప్రక్రియ మొదలుపెట్టింది. ఆ సంఘం అభ్యంతరం చెప్పడంతో 2008లో ఆ ప్రయత్నం విరమించుకున్నారు. సుప్రీంకోర్టు ఆదేశంపై సీబీఐ జరిపిన విచారణలో ఈ సంగతి వెల్లడైంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఏఎస్ఐ నిర్లిప్తతను తీవ్రంగా తప్పుబట్టింది. గుమ్టీని ఖాళీ చేయించడమే కాక, ఢిల్లీ ప్రభుత్వ పురావస్తు శాఖకు రూ.40 లక్షలు పరిహారంగా చెల్లించాలని 2025 మార్చిలో నివాసుల సంఘాన్ని ఆదేశించింది.

న్యాయం జరిగింది, సంతోషించవలసిందే. అయితే ఇక్కడ ఆలోచించవలసిన మాట ఒకటుంది. ఒక చిన్న గుమ్మటం మళ్లీ ప్రజల సొత్తు కావడానికి ఒక పౌరుడు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. దేశ సర్వోన్నత న్యాయస్థానం స్వయంగా పూనుకోవలసి వచ్చింది. ప్రతి గుమ్టీకీ ఒక సుప్రీంకోర్టు తీర్పు దొరకదు. న్యాయస్థానం విధించే పరిహారం నిధుల విధానానికి ప్రత్యామ్నాయం కాలేదు.

తెలుగు నేల చెప్పే సాక్ష్యం

రాజ్యం తలచుకుంటే ఏం చేయగలదో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. జలాశయాల్లో మునిగిన 12 రక్షిత కట్టడాల గురించి చదివినప్పుడు తెలుగువారికి నాగార్జునకొండ గుర్తుకు రాక మానదు. నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిశాక, 1954 నుంచి 1960 వరకు ఆ లోయలో విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదకు, అనుపు ఒడ్డుకు తరలించి తిరిగి నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన చరిత్ర కూడా మనదే. ఆ రోజుల్లో దేశం నేటికంటే ఎంతో పేదది. అయినా ఆనకట్టతో పాటు వారసత్వాన్ని కాపాడటమూ ప్రభుత్వ బాధ్యతగానే సాగింది.

ఇటీవలి అనుభవం మిశ్రమంగా ఉంది. 2015 జనవరిలో రూ.500 కోట్లతో కేంద్రం ప్రారంభించిన హృదయ్ పథకంలోని 12 వారసత్వ నగరాల్లో అమరావతి, వరంగల్ ఉన్నాయి. 2019 మార్చి 31తో ఆ పథకం ముగిసిపోయింది. 2018లో ఎర్రకోటతో పాటు కడప జిల్లా గండికోటనూ దాల్మియా సంస్థ దత్తత తీసుకుంది. 2024 నవంబరులో కేంద్ర పర్యాటక శాఖ గండికోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు, రామప్ప ప్రాంత పర్యాటక వలయానికి రూ.73.74 కోట్లు మంజూరు చేసింది. ఇవి గ్రాంట్లు కావు. రాష్ట్రాల మూలధన వ్యయానికి ఇచ్చే 50 ఏళ్ల వడ్డీ లేని రుణాలు. వాటి ఉద్దేశం పర్యాటక వసతుల నిర్మాణం. వసతి గృహాలు, రహదారులు, దీపాలంకరణ వస్తాయి. ఆ తరువాత కోట గోడల రాళ్ల సందుల్లో మొలిచే రావి మొక్కను ఏటా పీకేసే మనిషికి జీతం ఏ పద్దులోంచి వస్తుందన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది.

దీనికి భిన్నమైన నమూనా హైదరాబాదులోనే కనిపిస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో 106 ఎకరాల విస్తీర్ణంలో వందకు పైగా కట్టడాలున్నాయి. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖ, ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు తదితర సంస్థలు కుదుర్చుకున్న ఒప్పందంతో మొదలైన పునరుద్ధరణ 2024 జులైలో ముగిసింది. రాష్ట్రం విడిపోయినా, ప్రభుత్వాలు మారినా పదకొండేళ్లు ఆ పని ఆగలేదు. రాజుల గోరీలతో పాటు బావులు, మసీదులు, హమామ్ కూడా ఒకే ప్రణాళికలో భాగమయ్యాయి. పేరున్న గుమ్మటానికి వచ్చిన సొమ్ములో పేరులేని కట్టడానికీ వాటా దక్కింది. ఇక్కడి విజయ రహస్యం అదే.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయి?

అమెరికా 1966లో చారిత్రక పరిరక్షణ చట్టం చేసింది. 1976లో ప్రత్యేక నిధిని నెలకొల్పింది. సముద్రంలో చమురు, సహజవాయువు లీజుల ద్వారా వచ్చే ఆదాయంలోంచి ఏటా 15 కోట్ల డాలర్ల వరకు ఈ నిధికి కేటాయించేందుకు చట్టం వీలు కల్పించింది. తరిగిపోయే ఒక సంపద నుంచి వచ్చిన సొమ్ములో కొంత, తిరిగి రాని మరో సంపదను కాపాడేందుకు వాడాలన్నది అందులోని ఆలోచన. ఆదాయం తెచ్చిపెట్టే చారిత్రక భవనాలను ప్రమాణాల ప్రకారం బాగుచేసుకున్న యజమానులకు ఖర్చులో 20 శాతం మేరకు కేంద్ర పన్ను రాయితీ లభిస్తుంది.

బ్రిటన్‌లో 1994లో జాతీయ లాటరీ మొదలైనప్పుడు ప్రజాహిత కార్యాలకు వెళ్లే మొత్తంలో 20 శాతం వారసత్వానికి అని నిర్ణయించారు. ఊరి ప్రార్థనా మందిరం నుంచి పాత మిల్లు వరకు స్థానిక సంఘాలు దరఖాస్తు చేసుకుని ఈ గ్రాంట్లు పొందుతాయి. ఫ్రాన్స్ 2018లో వారసత్వ లాటరీ ప్రారంభించి, శిథిలమవుతున్న చిన్న కట్టడాలకు సాయం అందిస్తోంది. లాటరీ మన సమాజానికి తగినదా కాదా అన్నది వేరే చర్చ. ఈ దేశాలన్నిటిలోనూ కనిపించే ఉమ్మడి లక్షణం ఒక్కటే. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది. దరఖాస్తు చేసుకునే దారి సామాన్యుడికీ తెరిచి ఉంటుంది.

మన దేశంలోనూ ఇటువంటి ఆలోచన బొత్తిగా లేకపోలేదు. 2005 నుంచి 2010 వరకు అమలైన 12వ ఆర్థిక సంఘం సిఫార్సుల్లో రాష్ట్రాలకు వారసత్వ పరిరక్షణ కోసం రూ.625 కోట్ల గ్రాంటు ప్రత్యేకంగా చోటుచేసుకుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం యజమానులతో పరిరక్షణ ఒప్పందాలు చేసుకునేందుకు, స్వచ్ఛంద విరాళాలు స్వీకరించేందుకు వీలు కల్పిస్తోంది. పునాది ఉంది. దాని మీద నిలకడైన వ్యవస్థ లేదు.

ప్రాధాన్యాలు మారాలి

బడులకు గదులు, ఆసుపత్రులకు మందులు కావలసిన దేశంలో పాత గోడలకు ఖర్చు ఎందుకన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. అది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ప్రతి పాత ఇటుకనూ కాపాడలేమన్నదీ వాస్తవమే. అయితే ఇక్కడ అడుగుతున్నది వేల కోట్లు కాదు. గోరుతో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దన్నది మన పెద్దల మాట. కప్పు మీద చిన్న పగులును ఈ ఏడాది సున్నంతో పూడిస్తే వేలల్లో పోతుంది. పదేళ్లు వదిలేస్తే కోట్ల రూపాయల పునరుద్ధరణ పథకం అవుతుంది. మరో పదేళ్లకు ఆ ఖర్చు కూడా ఉండదు, తొలగింపు ప్రకటన వస్తుంది. నిర్వహణకు డబ్బు పెట్టడమే పొదుపు.

ఈ దృష్టితో చూస్తే కొన్ని మార్పులు ఆచరణ సాధ్యమే. టికెట్ల ఆదాయంలో ఒక భాగాన్ని అదే ప్రాంతంలోని టికెట్టు లేని కట్టడాలకు కేటాయించే ఏర్పాటు వాటిలో మొదటిది. 2023-24లో కుతుబ్ మీనార్, ఎర్రకోటలు ఆర్జించిన రూ.41.88 కోట్లలో పదో వంతు తీసినా రూ.4 కోట్లు దాటుతుంది. సుప్రీంకోర్టు షేక్ అలీ గుమ్టీ విషయంలో నిర్ణయించిన పరిహారంతో పోలిస్తే అది పది గుమ్టీలకు సరిపడే మొత్తం. అది కూడా ఒక్క ఏడాదికే.

రెండోది, జాతీయ సాంస్కృతిక నిధికి వచ్చే ప్రతి పెద్ద విరాళంలో నిర్ణీత శాతాన్ని ఉమ్మడి ఖాతాలో జమచేసి, దాతలు ఎవరూ ఎంచుకోని కట్టడాలకు వినియోగించడం. పేరున్న కట్టడాన్ని ఎంచుకునే స్వేచ్ఛ దాతకు ఉంటుంది. ఆ పేరుతో పాటు ఒక అనామక కట్టడమూ బతుకుతుంది.

మూడోది, జాబితాలో చేరిన ప్రైవేటు భవనాల యజమానులకు మరమ్మతు ఖర్చులో సగం భరించే చిన్న గ్రాంటు. ఇందుకు గట్టి షరతులు ఉండాలి. సంప్రదాయ పదార్థాలతో, అర్హులైన నిపుణుల పర్యవేక్షణలో పని జరగాలి. ఏడాదిలో కొన్ని రోజులైనా ప్రజలకు ప్రవేశం కల్పించాలి. నిర్ణీత కాలం లోపు భవనాన్ని కూల్చినా, రూపురేఖలు మార్చినా సొమ్ము వాపసు చేయాలి. ఆంక్షతో పాటు సాయం కూడా అందితే, తన ఇల్లు జాబితాలోకి ఎక్కుతుందంటే యజమాని భయపడడు.

నాలుగోది, కాపలా, వార్షిక తనిఖీ, చిన్న మరమ్మతులకు బడ్జెట్‌లో విడి పద్దు. పెద్ద ప్రాజెక్టుల అవసరాలు ఎంత ఉన్నా ఈ పద్దులోని సొమ్మును మళ్లించడానికి వీలు ఉండకూడదు. దానితో పాటు ప్రతి రక్షిత కట్టడానికీ ఏటా ఎంత ఖర్చు పెట్టారు, చివరిసారి ఎవరు ఎప్పుడు తనిఖీ చేశారు అన్న వివరాలు ఫొటోతో సహా ప్రజల ముందుంచాలి. తమ వద్ద ఉన్న కట్టడాల కచ్చితమైన సంఖ్యకు సంబంధించి నమ్మదగిన సమాచారమే ఏఎస్ఐ వద్ద లేదని 2013లో కాగ్ ఎత్తిచూపింది. ఉపగ్రహ చిత్రాలు, చేతిలో ఇమిడే ఫోన్లు ఉన్న ఈ కాలంలో ఆ లోపాన్ని సరిదిద్దడానికి డబ్బుకంటే సంకల్పమే ఎక్కువ కావాలి.

2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలపరిమితి మొదలవుతుంది. కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకానికి కొత్త అధ్యాయం తెరుచుకుంటున్న వేళ, వారసత్వాన్ని పర్యాటకంలో ఒక ఉపశాఖగా కాక, నిలకడైన ప్రజా బాధ్యతగా గుర్తించే చర్చ జరగవలసి ఉంది. రహదారి పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. వంతెన కూలితే మరొకటి కట్టుకోవచ్చు. కోస్ మీనార్ పోతే మళ్లీ కట్టేది దాని నకలే. ఆచూకీ తెలియని కట్టడాల జాబితాలో ఢిల్లీకి చెందినది మరొకటి ఉంది. అది ముబారక్‌పూర్ కోట్లాలోని ఇంచ్లావాలీ గుమ్టీ. ఆ జాబితాలోకి ఇంకో పేరు చేరకుండా చూడటం మన నిధుల విధానానికి ఎదురుగా ఉన్న తక్షణ పరీక్ష.